యెత్తు పెంచిన జీపు

మా అక్క కొడుకు ఒక పాత జీపు కొన్నాడు. కొన్నవాడు వూరుకోక, కమాన్‌లకు కొత్త వంపు పోయించి, పైన ఒక పట్టీ కూడా వేయించి, బండిని రెండంగుళాలు పైకి లేపాడు. లంకలో కొబ్బరితోట వుంది; గోదావరికి కాస్త నీరు తగిలితే కాజ్‌వే మునుగుతుంది; అంచేత యెత్తు కావాలన్నాడు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూసినవాణ్ణి. ఆ నీటికి రెండంగుళాలు యేపాటి? అయినా నేనేమీ అనలేదు. మేనల్లుళ్ళు మేనమామ మాట వినే రోజులు కావివి.

నెల తిరక్కుండానే అక్కను యెక్కించుకుని రాజోలు నుంచి వస్తూ, కాలవగట్టు మలుపులో ఒక గోతిలో దింపాడు. బండి ఒకసారి యెగిరి సరిపెట్టుకోలేదు. మూడుసార్లు యెగిరి, వెనకభాగం పక్కకు జరిగి, చక్రం గట్టు అంచున ఆగింది. కింద నిండు కాలవ. అక్క ఆ రాత్రే నాకు ఫోను చేసింది. "తమ్ముడూ, వాడేవో కొత్త షాకబ్జర్లు కొంటాట్ట. నువ్వు పక్కనుండి కొనిపించు. నా నడుం సంగతి తరవాత, ముందు వాడు బతకాలి."

తెలుగు ఎమ్మే చదివినవాడికి షాకబ్జర్ల సంగతేం తెలుసు? అయినా వెళ్ళాను. దారిలో 'ఆఘాతశోషకం' అనే మాట తట్టింది. అమలాపురంలో షెడ్డు మేస్త్రిని చూశాక దాన్ని పైకి అనే ధైర్యం లేకపోయింది.

మావాడు యెర్రరంగు వేసిన బొమ్మ ఒకటి చూపించి, "గ్యాసువి, అన్నిట్లోకీ గట్టివి ఇవే మావయ్యా" అన్నాడు. మేస్త్రి ఆ బొమ్మ వంక చూడనైనా చూడలేదు. "ఆయ్, ముందు కొలుద్దారండి" అని ఛాసిస్ కింద జాకీ పెట్టి, చక్రం వేలాడేదాకా లేపాడు.

అప్పుడు బయటపడింది అసలు రోగం. చక్రం పూర్తిగా వేలాడితే పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య 20 అంగుళాలు వుండాలి. పాత షాకబ్జరు యెంత లాగినా పద్దెనిమిదిన్నర దాటదు. అంటే బండిని పైకి లేపినా, పాత షాకబ్జర్లు ఇరుసును తాడు కట్టినట్టు పట్టి వుంచాయి. గోతిలోకి చక్రం దిగాల్సినప్పుడు దిగలేక, గాలిలో వుండిపోయేది. బుష్‌లు నలిగి చిరిగాయి, ఒకదాన్నుంచి నూనె కారుతోంది.

"అయితే బాగా పొడుగువి వేసేద్దాం" అన్నాడు మావాడు. అదీ పొరపాటేనట. బరువుకు కమాన్ అణిగి, ఇరుసు రబ్బరు దిమ్మకు తగిలేటప్పుడు మిగిలే ఖాళీ 13 అంగుళాలు. షాకబ్జరు అంతకంటే పొట్టిగా ముడుచుకోకపోతే, దెబ్బ దిమ్మకు కాక దానికే తగిలి, కడ్డీ వంగుతుంది, లేదా బ్రాకెట్టు వూడుతుంది. చివరకు విప్పితే ఇరవైన్నర, ముడిస్తే పన్నెండున్నర వుండేవి యెంచాడు.

ఇక గట్టిదనం. బరువు మోసేది షాకబ్జరు కాదు, కమానే. వుయ్యాలను వూపేది ఒకరైతే, ఆపే చెయ్యి మరొకటి వుండాలిగదా, ఆ చెయ్యి ఇది. లోపలి నూనె సన్నని రంధ్రాలలోంచి దూరుతూ, వూపును వేడిగా మార్చి పోగొడుతుంది. ఆదరాబాదరాగా కొడితే నూనె నురగలు కట్టి పట్టు తప్పుతుంది. గ్యాసు నింపేది ఆ నురగ పుట్టకుండా, అంతేగాని గట్టిదనం కోసం కాదు. పట్టీ పెరిగి కమాన్ బిగుసుకుంది గనక, తిరిగి లేచే వూపును పట్టేది కాస్త బలంగా వుండాలి. అంతకు మించితే గతుకు గతుకుకూ చక్రం రోడ్డు వదిలేస్తుంది.

"బండిలో రోజూ యెంత బరువు వేస్తారండి?" అని మేస్త్రి అడిగాడు. మావాడు కొబ్బరికాయల లెక్క చెప్పబోయాడు. "అది నెలకు రెండుసార్లు కదరా. మిగతా రోజులు నువ్వూ మీ అమ్మా" అన్నాను. నేను పనికొచ్చింది అక్కడొక్కచోటే. మధ్యరకం నూనెవి, తక్కువ ఒత్తిడి గ్యాసుతో, నాలుగూ ఒకే జోడుగా కొన్నాం. యెర్రవి కావు.

గట్టు మీద అదే గోతిలో దింపి చూశాం. ఒకసారి లేచి నిలబడింది.

తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రవాణా ఆఫీసులో అడిగి చేయించావా అంటే, మావాడు సమాధానం చెప్పలేదు. పాత కమాన్ కట్టలు మాత్రం పశువులపాకలో భద్రంగా దాచాడు.