మాంత్రికుడి ఎదుట మనిషి

మాక్‌బెత్, మూడో రిచర్డ్ లాంటి షేక్‌స్పియర్ పాత్రలతో ఇంగ్లండ్ రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న ఇయాన్ మెకెల్లెన్ అరవై ఏళ్ల వయసులో మాంత్రికుడయ్యారు. నెత్తిన మొనదేలిన టోపీ, చేతిలో పొడవాటి కర్ర, సొంత ముక్కు మీద అతికించిన పెద్ద ముక్కు, ఛాతీ మీద పరుచుకున్న నెరిసిన గడ్డం. టోల్కీన్ నవలను పీటర్ జాక్సన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ పేరుతో మూడు భాగాలుగా తీశారు. 2001, 2002, 2003 డిసెంబరుల్లో అవి వరసగా విడుదలయ్యాక, లోకంలో చాలామందికి మెకెల్లెన్ అనే పేరు కన్నా గాండాల్ఫ్ అనే పేరే ముందు గుర్తొస్తోంది. ఆ వేషం గురించి ఆయన రెండు దశాబ్దాలుగా మాట్లాడుతూనే ఉన్నారు. షూటింగ్ రోజుల్లో డైరీ రాశారు. ఇంటర్వ్యూల్లో, వేదికల మీద ఎన్నో అనుభవాలు చెప్పారు. వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచినవి, పక్కన ఎవరున్నారు, ఎవరు లేరు అన్న దాని గురించి చెప్పిన మాటలు.

టోల్కీన్ కల్పనలో గాండాల్ఫ్ అసలు మనిషే కాదు. పైలోకం నుంచి ముసలి దేహం తొడుక్కుని దిగివచ్చిన అయిదుగురు మాంత్రికుల్లో ఒకడు. బలానికి బలంతో బదులివ్వకూడదని, భయపెట్టి ఎవరినీ లొంగదీసుకోకూడదని వాళ్లకు కట్టడి ఉంది. ఆ దేహానికి ఆకలీ అలసటా ఉన్నాయి. నటుడికి దారి దొరికేది అక్కడే. దైవాంశను ఎలా నటించాలో ఎవరికీ తెలియదు. నడిచి నడిచి కాళ్లు లాగుతున్న పెద్దాయన కుర్చీలో ఎలా కూలబడతాడో మాత్రం చూసి నేర్చుకోవచ్చు. మెకెల్లెన్ టోల్కీన్ స్వయంగా చదివిన పాత రికార్డింగులు విని, గాండాల్ఫ్ మాటతీరును ఆ ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఉచ్చారణకు దగ్గరగా మలచుకున్నారు. గాండాల్ఫ్ పొట్టి స్నేహితుడు బిల్బో ఇంట్లో దూలానికి తల కొట్టుకోవడం స్క్రిప్టులో లేదు, నిజంగానే తగిలింది. ఆయన ఆగకుండా నటిస్తూ పోయారు, జాక్సన్ ఆ షాట్‌ను అలాగే ఉంచేశారు.

కథలో బూడిద రంగు గాండాల్ఫ్ పడిపోయి, తెల్లని గాండాల్ఫ్‌గా తిరిగొస్తాడు. శక్తి పెరుగుతుంది, సైన్యాలను నడిపే అధికారం వస్తుంది. అయినా తనకు ఇష్టమైనవాడు ఆ మొదటివాడేనని మెకెల్లెన్ చెబుతూ వచ్చారు. పైపు పీల్చేవాడు, పిల్లలకు బాణసంచా కాల్చి చూపించేవాడు, చిరాకుపడేవాడు, దారి ఎటో తేల్చుకోలేక చీకట్లో కూర్చుండిపోయేవాడు. ఆ ఇష్టం వెనక నటుడి లెక్క ఒకటి ఉందని నాకనిపిస్తుంది. పాత్రకు శక్తి పెరిగినకొద్దీ ఎదుటివాళ్లతో అవసరం తగ్గుతుంది. అవసరం తగ్గినకొద్దీ నటించడానికి మిగిలేదీ తగ్గుతుంది.

ఆ షూటింగ్ ఎలా జరిగిందో కొంచెం వివరంగా చెప్పాలి, నా వాదన దాని మీదే నిలబడింది. హాబిట్లు పిల్లలంత ఎత్తుండే జనం. గాండాల్ఫ్ పక్కన వాళ్లు పొట్టిగా కనబడాలి, ఆ వేషాలు వేసేవాళ్లేమో మామూలు ఎత్తువాళ్లు. అందుకని బిల్బో ఇంటి సెట్టును రెండు కొలతల్లో కట్టారు. చిన్న ఇంట్లో గాండాల్ఫ్ వంగి నడవాలి, పెద్ద ఇంట్లో హాబిట్ కుర్చీలో మునిగిపోతాడు. కొన్ని షాట్లలో హాబిట్ల బదులు కిరణ్ షా నిలబడేవారు. నైరోబీలో పుట్టిన భారతీయ సంతతి నటుడు ఆయన, ఎత్తు నాలుగడుగుల పైచిలుకు. గాండాల్ఫ్ బదులు ఏడడుగుల మనిషిని పెట్టి తీసినవీ ఉన్నాయి. అన్నిటికన్నా తెలివైనది మన కంటిని మోసం చేసే పద్ధతి. మెకెల్లెన్‌ను కెమెరాకు దగ్గరగా, ఫ్రోడో వేషం వేసిన ఎలైజా వుడ్‌ను బాగా వెనక్కి కూర్చోబెట్టేవారు. మధ్యలో బల్లను రెండు కొలతల్లో చేసి, ఒకే బల్లలా కనబడేట్టు అమర్చేవారు. తెర మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. కెమెరా కదిలితే గుట్టు బయటపడుతుంది కనుక, దానితో పాటే నటుడి పీటా బల్లా కూడా జరిగేలా యంత్రం బిగించారు. నిజానికి ఇద్దరి చూపులూ కలవవు. కానీ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఒకరి గొంతు మరొకరి చెవిన పడుతోంది. ఒకరు మాట మధ్యలో ఆగితే రెండోవారికి ఆ ఆగడం తెలుస్తోంది.

2011లో జాక్సన్ మరో టోల్కీన్ కథ ‘హాబిట్’ చిత్రీకరణ మొదలుపెట్టారు. ఈసారి 3డిలో, సెకనుకు 48 ఫ్రేముల వేగంతో. 3డిలో లోతు తెలిసిపోతుంది, వెనక కూర్చున్నవాడు వెనకే ఉన్నట్టు కనిపిస్తాడు. పాత పద్ధతి ఇక పనికిరాలేదు. దాంతో మరుగుజ్జు వీరుల వేషాలు వేసిన 13 మందిని ఒక సెట్టులో, గాండాల్ఫ్‌ను మరో సెట్టులో పెట్టి ఒకేసారి తీశారు. అక్కడి కెమెరా ఎటు కదిలితే ఇక్కడి కెమెరా కొలత మార్చుకుని అటే కదులుతుంది, తర్వాత కంప్యూటర్ రెండు దృశ్యాలనూ కలిపేస్తుంది. అవతల బిల్బో ఇంట్లో విందు, కేరింతలు, పళ్లేల చప్పుడు. ఇవతల ఆకుపచ్చ గోడల మధ్య మెకెల్లెన్ ఒక్కరే. చెవిలో అవతలివాళ్ల మాటలు వినిపించే చిన్న పరికరం, ఎదురుగా స్టాండ్లకు తగిలించిన 13 ఫొటోలు. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ల ఫొటో దగ్గర చిన్న దీపం వెలుగుతుంది. ఆ దీపాల వంక చూస్తూ జవాబులు చెప్పి చెప్పి ఆయన ఏడ్చేశారు. తాను నటుడైంది ఇందుకోసం కాదని తనలో తాను గొణుక్కున్నారు. ఒంటికి తగిలించిన మైకు ఆన్‌లోనే ఉండటంతో అది అందరికీ వినిపించింది. ఆ తర్వాత యూనిట్‌వాళ్లు ఆయన విశ్రాంతి గుడారాన్ని పూలతో, పాత సినిమాల నాటి వస్తువులతో అలంకరించి మనసు కుదుటపరచారు.

వయసు మళ్లిన నటుడు కొత్త టెక్నాలజీకి అలవాటు పడలేకపోయాడని దీన్ని కొట్టిపారేయడం సులువు. నేను ఒప్పుకోను. 1976లో జూడీ డెంచ్ లేడీ మాక్‌బెత్‌గా, తాను మాక్‌బెత్‌గా నటించి రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ చరిత్రలో నిలిచిపోయిన నటుడు ఆయన. ఆ నాటకంలో మాక్‌బెత్ ఖాళీ గాలిలో కత్తిని చూస్తాడు, ఎవరికీ కనబడని దెయ్యాన్ని ఖాళీ పీట మీద చూస్తాడు. లేనిదాన్ని ఉన్నట్టు చూడటం చేతనైన మనిషి కన్నీళ్లు పెట్టుకున్నాడంటే లోపం ఊహాశక్తిలో లేదు. ‘రింగ్స్’ మొదటి భాగంలో వంతెన మీద అగ్నిరాక్షసుడైన బాల్రాగ్‌ను అడ్డగించే ఘట్టం చూడండి. ఆ రాక్షసుడు పూర్తిగా కంప్యూటర్‌లో తయారైనవాడు. షూటింగ్‌లో ఎదురుగా వాడు లేడు. అయినా ఆ సన్నివేశంలో మెకెల్లెన్ ముఖం చూసి నమ్మనివాళ్లు అరుదు.

అప్పుడు కుదిరింది, విందు దగ్గర ఎందుకు కుదరలేదు? నా జవాబు ఇది. శత్రువును ఊహించుకోవచ్చు. ఆప్తుణ్ణి ఊహించుకోలేం. భయం, కోపం, తెగింపు మన లోపలి నుంచే పుడతాయి. రాజమౌళి ‘ఈగ’ (2012)లో సుదీప్ కళ్ల ముందు లేని ఈగ మీద అంత కసి, అంత భయం చూపించగలిగారు, అది గొప్ప నటన. వాత్సల్యం అలాంటిది కాదు. అది ఎదుటి ముఖంలో వచ్చే చిన్న మార్పుకు జవాబుగా పుడుతుంది. బిల్బో ఒకసారి తడబడితేనే గాండాల్ఫ్ కంట్లో ఆ మెరుపు వస్తుంది. ఫొటో తడబడదు.

మాంత్రికుడి వేషం ఒప్పుకోవడం వెనకా, వద్దనడం వెనకా ఉండేది మనుషులే. హ్యారీ పాటర్ సినిమాల్లో డంబుల్‌డోర్ పాత్రను రిచర్డ్ హారిస్ మొదట వద్దనుకున్నారు. ఒప్పుకోకపోతే ఇక మాట్లాడనని పదకొండేళ్ల మనవరాలు బెదిరించడంతో సరేనన్నారు. రెండు సినిమాలు చేసి 2002 అక్టోబరులో కన్నుమూశారు. ఆ స్థానంలోకి మెకెల్లెన్‌ను అడిగారు. హారిస్‌కు తన నటన నచ్చదని ఆయనకు తెలుసు. తనను మెచ్చని నటుడి పాత్రను అందుకోలేనని వద్దన్నారు. చివరికి ఆ వేషం మైఖేల్ గాంబన్‌కు వెళ్లింది. చనిపోయిన మనిషి అభిప్రాయానికి అంత విలువిచ్చిన ఆ నిర్ణయం మీద నాకు చాలా గౌరవం.

ఎదుట మనిషి ఉంటేనే నటన పండుతుందన్న మాట నిజమో కాదో తేల్చుకోవడానికి తెలుగువాళ్లం ‘రింగ్స్’ తీసిన న్యూజిలాండ్ దాకా వెళ్లక్కర్లేదు. కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ 1951లో తీసిన ‘పాతాళ భైరవి’ మనకుంది. నేపాళ మాంత్రికుడి వేషం వేసేనాటికి ఎస్వీ రంగారావుకు 33 ఏళ్లు నిండలేదు. మార్కస్ బార్ట్‌లీ కెమెరాలోనే చేసిన మాయలు ఆ కాలానికి అద్భుతం. అయితే ఇవాళ ఆ సినిమా పెట్టుకుంటే నన్ను కట్టిపడేసేది ఆ మాయలు కావు, తోటరాముడితో మాంత్రికుడు మాట్లాడే తీరు. ఈ కుర్రవాణ్ణి భైరవికి బలివ్వాలి, అందాకా వాడిని బుజ్జగించాలి, ఉసిగొల్పాలి, నమ్మించాలి. రంగారావు కళ్లు ఎన్టీ రామారావు ముఖం మీదే తిరుగుతుంటాయి. ‘డింభకా’ అని పిలిచే ప్రతిసారీ ఆ పిలుపు బరువు మారుతుంది, ఎందుకంటే ఎదుటి కుర్రవాడి ధైర్యం ఎంత పెరిగిందో అంచనా వేస్తూ పిలుస్తున్నాడు. పక్కన సదాజపుడిగా పద్మనాభం. శిష్యుడి మీద విసుక్కునే మాంత్రికుడు వేరు, బలిపశువును ముద్దు చేసే మాంత్రికుడు వేరు. ఆ ఇద్దరినీ ఒకే మనిషిలో చూపడానికి ఆయనకు ఎదురుగా ఇద్దరు మనుషులు ఉన్నారు.

మెకెల్లెన్ 80వ ఏట, 2019లో, ఒంటరి ప్రదర్శనతో బ్రిటన్‌లో 80 థియేటర్లు తిరిగారు. వచ్చిన డబ్బును ఆయా థియేటర్లకే ఇచ్చేశారు. ప్రదర్శన మొదలయ్యేది గాండాల్ఫ్‌తోనే. సెట్టు లేదు, గ్రాఫిక్స్ లేవు, టోల్కీన్ పుస్తకంలోని బాల్రాగ్ ఘట్టం, ఆయన గొంతు. తోటి నటులు కూడా లేరు కదా అనవచ్చు. హాలు నిండా జనం ఉన్నారు. ఆయన చూపుకు చూపు దొరికింది.

మన దగ్గర ఇప్పుడు పురాణాల, మాయల సినిమాలు వెల్లువెత్తుతున్నాయి. ‘హను-మాన్’, ‘కల్కి 2898 ఏడీ’ 2024లో ఎంత ఆదరణ పొందాయో చూశాం. రానున్న ఏళ్లలో మునులు, మాంత్రికులు, చిరంజీవులైన వృద్ధుల వేషాలకు మన పెద్ద నటుల అవసరం చాలా ఉంది. ఇద్దరి కాల్షీట్లు కుదరక ఒకరోజు ఒకరిని, ఇంకోరోజు ఇంకొకరిని గ్రీన్ మ్యాట్ ముందు నిలబెట్టి, ఎదుటివాళ్ల డైలాగులు అసిస్టెంట్ డైరెక్టర్ చేత చదివించి, గ్రాఫిక్స్‌లో కలిపేసుకోవాలనే ఆలోచన నిర్మాతకు చౌకగా కనిపిస్తుంది. రాక్షసుడితో పోరాటమైతే అలాగే తీయండి. గురువు శిష్యుడికి దారి చెప్పే సీను, తాత మనవణ్ణి సాగనంపే సీను అలా తీయకండి. ఫ్రేములో కనబడకపోయినా ఆ కుర్ర నటుడు కెమెరా పక్కన నిలబడి తన మాటలు తానే చెప్పాలి. సీనియర్ నటులు ఈ ఒక్క షరతును అగ్రిమెంట్‌లోనే రాయించుకుంటే, ఏ దర్శకుడూ కాదనలేడు.