‘ఎప్పుడైనా చదవొచ్చు’ అంటే నమ్మకండి

పోయిన నెల ఓ ఆదివారం పాత ల్యాప్‌టాప్ అమ్మేద్దామని ఫైళ్లన్నీ ఖాళీ చేస్తుంటే ‘కోర్సులు’ అనే ఫోల్డర్ కనిపించింది. అందులో ఏడు నోట్స్ ఫైళ్లు. పైథాన్ మూడో వారం దగ్గర ఆగిపోయింది. అడ్వాన్స్‌డ్ ఎక్సెల్ సగం దాకా వచ్చింది. డిజిటల్ మార్కెటింగ్‌లో పరిచయ వీడియో తప్ప ఇంకేదీ చూసినట్టు లేను. జీఎస్టీ కోర్సయితే నేను రోజూ చేసే పనికి సంబంధించిందే, దాన్నీ వదిలేశాను. ఏడింటిలో ఒక్కటంటే ఒక్కటీ పూర్తికాలేదు.

నేను బీకాం చదివాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ సంస్థలో తొమ్మిదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. కొత్తది నేర్చుకోకపోతే ఉన్నచోటే ఉండిపోతామని అందరిలాగే నాకూ తెలుసు. ఇంట్లో ఇంటర్నెట్ ఉంది, రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీ కూడా ఉంది. అయినా ఒక్కటీ పూర్తి చేయలేకపోయాను. మా వదిన మాత్రం డిగ్రీ పూర్తిచేసింది.

వదినకు ఇంటర్ అవ్వగానే పెళ్లి చేశారు. ముప్పై నాలుగేళ్ల వయసులో, ఇద్దరు పిల్లలు బడికి వెళ్తున్నప్పుడు, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏలో చేరింది. ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే వంట ముగించి, బస్సెక్కి నల్గొండ స్టడీ సెంటర్‌కు వెళ్లేది. పరీక్షల రోజుల్లో పిల్లల్ని వాళ్ల అమ్మమ్మ ఇంట్లో దించేది. ల్యాప్‌టాప్ లేదు, యాప్ లేదు. యూనివర్సిటీ ఇచ్చిన తెలుగు పుస్తకాలు, ఒక పెన్సిలు, అంతే. ఓసారి నేను, ‘‘వదినా, ఇన్ని పనుల మధ్య ఎట్లా చదివావు?’’ అని అడిగాను. ‘‘పరీక్ష తేదీ వచ్చేస్తుంది కదయ్యా, చదవక ఏం చేస్తాను?’’ అంది.

ఆ మాట అప్పుడు నవ్వులాటగా తీసుకున్నాను. ఇప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండి, ఉద్యోగం కోసం రోజుకో కోర్సు లింకు దాచుకుంటున్న మీకు చెప్పాలనుకుంటున్నది అదే. ఏ కోర్సు ప్రకటన చూసినా ‘మీకు వీలైనప్పుడు, వీలైనచోట’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది మనకు మేలు చేసే మాటలాగే వినిపిస్తుంది. నా అనుభవంలో మాత్రం ఎక్కువ కోర్సులు ఆగిపోయింది ఆ మాట దగ్గరే. ఎప్పుడైనా చదవొచ్చు కాబట్టి ఇవాళ చదవక్కర్లేదు, రేపూ చదవక్కర్లేదు.

ఇది నా ఒక్కడి బద్ధకం అనుకునేవాణ్ని. అయితే హార్వర్డ్, ఎంఐటీ కలిసి మొదలుపెట్టిన ఎడ్‌ఎక్స్‌లో ఆ రెండు విశ్వవిద్యాలయాలు నడిపిన కోర్సుల లెక్కలు తీసి పరిశోధకులు 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. 2017–18లో ఆ కోర్సుల్లో పేరు నమోదు చేసుకున్నవారిలో పూర్తి చేసినవారు 3 శాతం కన్నా కొంచెం ఎక్కువ. అంటే వందమంది చేరితే తొంభై ఆరు, తొంభై ఏడు మంది మధ్యలోనే పోయారు. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవారిలో మాత్రం 46 శాతం మంది పూర్తిచేశారు.

దీన్నిబట్టి ‘డబ్బు కడితే చదువుతాం’ అని తేల్చేయకండి. డబ్బు కట్టేవాళ్లు మొదటినుంచీ పట్టుదల ఉన్నవాళ్లు కావచ్చు. పైగా దానికి నేనే ఎదురు ఉదాహరణ. నాలుగేళ్ల కిందట డేటా అనలిటిక్స్ కోర్సని ఒక సంస్థలో అరవై ఐదు వేలకు చేరాను. కౌన్సెలర్ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి, ‘‘సార్, ఈ రాత్రి పన్నెండు వరకే ఆఫర్’’ అన్నాడు. ఈఎంఐకి సరే అన్నాను. అది ఆ సంస్థకు నెలనెలా కట్టే ఫీజు అనుకున్నాను గానీ, నా పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పని కాగితాలు చూశాక తెలిసింది. రెండో నెలలో ఆఫీసులో ఆడిట్ మొదలై చదువు ఆగింది. ఈఎంఐ ఆగదు కదా, మిగతా పది నెలలూ ప్రతి ఐదో తారీకునా ఖాతాలోంచి పోయింది. మానేస్తే సిబిల్ స్కోరు దెబ్బతింటుందని భయం. వెనక్కి ఇవ్వమంటే ఏడు రోజుల గడువు దాటిందన్నారు. వీడియోలు మాత్రం ‘లైఫ్‌టైమ్ యాక్సెస్’. ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే ఈ రాత్రయినా చూడొచ్చు. చూడను.

అంత డబ్బు పెట్టి కూడా ఎందుకు ఆగిపోయానంటే, ఆ కోర్సులో నన్ను ఫలానా రోజున ఫలానాచోట కూర్చోబెట్టి పరీక్ష పెట్టేవాళ్లు ఎవరూ లేరు. డబ్బులు అందాక నేను చదివినా చదవకపోయినా వాళ్లకు తేడా లేదు.

ఉద్యోగం చేసేవాళ్లకు, పిల్లలున్నవాళ్లకు వెసులుబాటు అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. జడ్చర్ల ఫార్మా కంపెనీలో వారానికో షిఫ్టు మారే కుర్రాణ్ని రోజూ సాయంత్రం ఆరింటికి క్లాసులో కూర్చోమంటే కుదురుతుందా? వెసులుబాటు ఉండాలి. ఎంత ఉండాలన్నదే చూడాలి. ఈ కొలత బాగా కుదిరింది నేను చూసినంతలో ఎన్‌పీటీఈఎల్‌లో. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన పథకం ఇది. 2017లో కేంద్రం ప్రారంభించిన ‘స్వయం’ వేదిక మీద ఇప్పుడు దాని కోర్సులు దొరుకుతాయి. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులుంటాయి. చేరడానికీ పాఠాలు వినడానికీ పైసా అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయలు కట్టి, కేటాయించిన సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి.

దాని మార్కుల పద్ధతి కాస్త వివరంగా చెప్తాను. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. మొదటిదాంట్లో కనీసం 10, రెండోదాంట్లో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్. వారంలో పాఠం సోమవారం వింటావో, శుక్రవారం అర్ధరాత్రి వింటావో నీ ఇష్టం. అసైన్‌మెంట్ గడువు దాటితే మాత్రం తీసుకోరు. అయితే పన్నెండు వారాల కోర్సులో పన్నెండు అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకుంటారు. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా, నైట్ షిఫ్టు పడినా నాలుగు వారాలు పోయినా ఫర్వాలేదన్నమాట. పరీక్ష తేదీ మాత్రం నీకోసం జరగదు. మనిషి బతుకు ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు పెట్టిన రూల్ ఇది.

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ బీఎస్ డిగ్రీలోనూ ఇదే తీరు. పాఠాలు ఆన్‌లైన్‌లో, క్విజ్‌లు, చివరి పరీక్షలు సెంటర్‌లో. జేఈఈ అక్కర్లేదు, వయసు పరిమితి లేదు. నాలుగు వారాల పాఠాలు విని క్వాలిఫయర్ పాసైతే చేర్చుకుంటారు. మధ్యలో ఆపాల్సి వచ్చినా ఫౌండేషన్ సర్టిఫికెట్, డిప్లొమా, బీఎస్సీ అని ఒక్కో మెట్టు దగ్గర చేతికో కాగితం వస్తుంది. ఫీజు తక్కువేమీ కాదు గానీ, ఆదాయం, రిజర్వేషన్‌ను బట్టి రాయితీలున్నాయి.

నిజానికి ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పుట్టింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నది. దాని తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి.రామ్‌రెడ్డినే 1985లో ఇగ్నోకు కూడా తొలి వైస్ చాన్సలర్‌గా తీసుకెళ్లారు. ఇంటర్ లేనివాళ్లకూ అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్న యూనివర్సిటీ అది. ఆర్టీసీ కండక్టర్లు, కానిస్టేబుళ్లు, మా వదినలాంటి గృహిణులు చదివింది అక్కడే. ‘ఓపెన్‌లో చదివాడా’ అని చులకనగా మాట్లాడేవాళ్లు మన బంధువుల్లో ఇప్పటికీ ఉంటారు. యూజీసీ గుర్తించిన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీయే స్పష్టం చేసింది. అదే ఏడాది, రెగ్యులర్ డిగ్రీ చదువుతూనే ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో రెండో డిగ్రీ చేయడానికీ అనుమతిచ్చింది.

అయితే ‘యూజీసీ గుర్తించిన’ అన్నది ముఖ్యం. డబ్బు కట్టేముందు యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, ఆ కోర్సు పేరు, ఆ విద్యాసంవత్సరం మూడూ ఉన్నాయో లేదో మీ కళ్లతో మీరు చూసుకోండి. కౌన్సెలర్ వాట్సాప్‌లో పంపిన ఫొటోను నమ్మొద్దు. పది రోజుల్లో ఎంబీఏ అని అమ్ముతుంటే యూజీసీ హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చిన రోజులివి. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటి డిగ్రీలు ఆన్‌లైన్‌లో ఇస్తామని ఎవరన్నా అంటే ఫోన్ పెట్టేయడమే. ఈఎంఐ అంటే మాత్రం అప్పు ఇచ్చేదెవరు, కోర్సు మానేస్తే ఆ అప్పు ఏమవుతుంది అని రాతపూర్వకంగా అడగండి. నేను అడగలేదు.

మన కాలేజీల సంగతి కూడా చెప్పాలి. స్వయం కోర్సుల ద్వారా డిగ్రీ క్రెడిట్లలో 40 శాతం దాకా తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లో నిబంధన పెట్టింది. మంచిదే. మీ యూనివర్సిటీ ఏ కోర్సును ఒప్పుకుంటుందో సెమిస్టర్ మొదట్లోనే అడిగి తెలుసుకోండి. కానీ కొన్ని కాలేజీలకు ఇది లెక్క చూపించుకునే పనిగా మారింది. ఇంతమందిని చేర్పించాం అని చెప్పుకోవడానికి క్లాసు క్లాసంతా నమోదు చేయిస్తారు. తర్వాత ఏమవుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. అసైన్‌మెంట్ వచ్చిన రోజే టెలిగ్రామ్ గ్రూపులో జవాబులు తిరుగుతుంటాయి. కాపీ కొట్టి 25కి 24 తెచ్చుకుంటారు. ఆ సర్టిఫికెట్ మీద అసైన్‌మెంట్ మార్కులు, పరీక్ష మార్కులు వేర్వేరుగా అచ్చవుతాయని మాత్రం చాలామంది గమనించరు. అక్కడ 25కి 24, ఇక్కడ 75కి 31 ఉంటే, చూసేవాళ్లకు కథంతా అర్థమైపోతుంది.

ఆ చూసేవాళ్లలో నేనూ ఒకణ్ని. రెండేళ్లుగా మా ఆఫీసులో జూనియర్ అకౌంటెంట్ల ఇంటర్వ్యూల్లో మా మేనేజర్ నన్నూ కూర్చోబెడుతున్నారు. ఈ మధ్య ఒకబ్బాయి రెజ్యూమెలో పద్నాలుగు సర్టిఫికెట్లున్నాయి. వాటిలో మూడు జీఎస్టీ మీదే. ‘‘మన దగ్గర కొనుగోలు బిల్లు ఉంది, జీఎస్టీఆర్–2బీలో అది కనబడట్లేదు. ఏం చేస్తావు?’’ అని అడిగాను. నెలకోసారి మాకు ఎదురయ్యే తలనొప్పే అది. అబ్బాయి జీఎస్టీ ఎప్పుడు వచ్చిందో, ఎన్ని శ్లాబులో చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన అమ్మాయి రెజ్యూమెలో ఒకే ఒక్క కోర్సు. అదే ప్రశ్నకు, ‘‘అమ్మినవాళ్లు జీఎస్టీఆర్–1లో ఆ బిల్లు చూపించి ఉండరు సార్. ఫోన్ చేసి చూపించమంటాను. 2బీలోకి వచ్చేదాకా క్రెడిట్ తీసుకోను, విడిగా రాసి పెట్టుకుంటాను’’ అంది. ‘‘ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా?’’ అంటే, కోర్సు చదువుతున్న మూడు నెలలూ వాళ్ల బాబాయి ఎరువుల కొట్టు బిల్లుల మీద చేసి చూసుకున్నానని చెప్పింది. ఆమెకే ఉద్యోగం వచ్చింది. పద్నాలుగు సర్టిఫికెట్లవాడి మీద నాకేం కోపం లేదు. నా ఫోల్డర్‌లోనూ ఏడున్నాయి కదా, కాకపోతే అతను పూర్తయినట్టు కాగితాలు తెచ్చుకున్నాడు, నేను తెచ్చుకోలేదు.

‘‘ఉద్యోగం వచ్చాక తీరిగ్గా నేర్చుకుంటాలే అన్నా’’ అని మా కాలనీ కుర్రాడొకడు ఈ మధ్య అన్నాడు. ఉద్యోగం వచ్చాక తీరిక ఉండదు నాయనా. జీతం, ప్రయాణం, ఇంటికి పంపాల్సిన డబ్బు, తర్వాత పెళ్లి, పిల్లలు. కాలేజీలో ఉండగా ఒక్క కోర్సు, ఒకే ఒక్కటి, మొదటి వారం నుంచి పరీక్ష హాలు దాకా వెళ్లి చూడు. ముప్పై ఐదేళ్లప్పుడు మళ్లీ చదవాల్సి వస్తే ఎట్లా కూర్చోవాలో ఒంటికి తెలిసి ఉంటుంది. మా వదినకు అది ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పాత ల్యాప్‌టాప్ అమ్మేశాను. ఫోల్డర్‌ను కొత్తదాంట్లోకి ఎక్కించుకోలేదు. ఎన్‌పీటీఈఎల్‌లో పన్నెండు వారాల కోర్సు ఒకటి మొదలుపెట్టి ఇప్పుడు ఐదో వారంలో ఉన్నాను. మూడో వారం అసైన్‌మెంట్ పోయింది, నెలాఖరు రిటర్నులు అడ్డొచ్చాయి. అంటే ఇంకో మూడు పోవచ్చు. పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు నిన్న కట్టాను. ఆ సంగతి చెప్దామని వదినకు ఫోన్ చేస్తే, మొదట అడిగింది ఒకటే: ‘‘పరీక్ష ఏ రోజు?’’