హెచ్చరిక: కోతల వేళే ఆగాలి

డిసెంబరు వచ్చేస్తోంది. సెమీ క్రిస్మస్ తేదీలు ఖరారవుతున్నాయి. క్యారల్స్‌కు ఆటోలు మాట్లాడుతున్నారు, ఫ్లెక్సీలకు ఆర్డర్లు ఇచ్చేశారు. ఈ నెలరోజుల్లో మీ ఇంట్లో కుటుంబ ప్రార్థన ఎన్ని రాత్రులు జరుగుతుందో ఇప్పుడే ఆలోచించుకోండి. పుట్టినరోజు ఎవరిదో ఆయనతో మాట్లాడే తీరిక ఆ పండుగ పనుల్లోనే పోతోంది. అందుకే ఈ హెచ్చరిక.

దేవుడు వద్దనుకుని ప్రార్థన మానేసినవాళ్ళను నేను చూడలేదు. పొద్దున్నే స్కూలు బస్సు, రాత్రి అమెరికా వాళ్ళతో కాల్, ఆదివారం కోచింగ్ సెంటర్లో పరీక్ష. "ఈ ఒక్క వారమే" అనుకుంటాం. చుట్టి మూలన పెట్టిన చాప మళ్ళీ పరవం. ఫోన్‌లో వచ్చిన వాగ్దాన వచనాన్ని పది గ్రూపులకు పంపి, ఈ రోజు ధ్యానం అయిపోయిందనుకుంటాం. లూకా 14లో విందుకు రాలేమన్నవాళ్ళ సాకులు చూడండి: ఒకడు పొలం కొన్నాడు, ఒకడు ఐదు జతల ఎద్దులు కొన్నాడు, ఒకడికి పెళ్ళయింది. అందులో ఒక్కటీ పాపం కాదు. నన్ను భయపెట్టేది అదే.

నిర్గమకాండం 34లో విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞ ఉంది. మనం తొందరగా దాటేసే ఒక మాట ఆ ఆజ్ఞలోనే ఉంది: దున్నే కాలంలోనూ, కోతల కాలంలోనూ ఆగాల్సిందే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరికోతలు చూసినవాళ్ళకు ఆ మాట బరువు తెలుస్తుంది. కోసిన పనలు చేలోనే ఉండగా బంగాళాఖాతంలో వాయుగుండమని వార్త వస్తే ఆ ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు. అలాంటి రోజుల్లోనూ పని ఆపి తన సన్నిధికి రమ్మన్నాడు దేవుడు. పనులు తెమిలాక వస్తామనే మాటకు ఆ ఆజ్ఞలో చోటే లేదు.

ఒంగోలు ప్రార్థన కొండను తలచుకోండి. ఫలితం కనబడడం లేదని నెల్లూరు మిషన్‌ను మూసేయాలా అని అమెరికాలోని బాప్టిస్టులు చర్చిస్తున్న రోజులవి. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి మోకరించారు. వాళ్ళకు పనిలేక కాదు. ఆ ప్రార్థన తర్వాత, 1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని కల్పించాడు. ఆ తర్వాత 1878 జూలైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంత పనికీ ముందు ఒక కొండ మీద మోకాళ్ళు వంగాయి.

రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మనో, కువైట్‌లో ఇంటిపని చేస్తూ సెలవు దొరకని గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్ళనో నేను తప్పుపట్టడం లేదు. వంటగదిలో గిన్నెలు తోముతూ వాళ్ళు చేసే ప్రార్థన దేవుడికి వినబడుతుంది. నా భయమంతా మన గురించే, ముఖ్యంగా పాస్టర్లు, సంఘ పెద్దలు, క్వయర్ పిల్లల గురించి. మార్త హడావిడి పడింది కూడా ప్రభువు భోజనం కోసమే కదా! పరిచర్య పేరుతో వచ్చే తీరికలేనితనాన్ని ఎవరూ తప్పనరు, మనసూ గద్దించదు. మైకు ముందు గంటసేపు ప్రార్థించినవాడు ఇంటికొచ్చి తలుపేసుకుని ఐదు నిమిషాలు మోకరించలేకపోతే, అది అలసట మాత్రమే అని సరిపెట్టుకోకండి.

పెద్దలారా, ఈ ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు డిసెంబరు కార్యక్రమాల్లో కనీసం రెండు కొట్టేయండి. ఆ రెండు సాయంత్రాలు ఎవరిళ్ళలో వాళ్ళుండాలని గుడిలో ప్రకటించండి. తల్లిదండ్రులారా, మీరు ఆదివారం దాకా ఆగొద్దు. ఈ రాత్రే ఫోన్లు పక్కగదిలో పెట్టి చాప పరవండి. మొదటి ప్రార్థన ఇంట్లో చిన్నపిల్లతో చేయించండి.