కలువల కొలను కడ ఒక దినం

గొప్ప కళాకారుడు నివసించిన ఇంటిని చూడాలనే కోరిక సహజమైనది. కవి కూర్చున్న అరుగు, గాయకుడు సాధన చేసిన గది, చిత్రకారుడు నడచిన బాట మనలను ఆకర్షిస్తాయి. అయితే అక్కడికి వెళ్ళి ఏమి చూడాలి, ఎంతసేపు చూడాలి అనే ప్రశ్నను మనం సాధారణంగా వేసుకోము. ఫ్రాన్స్ దేశంలో, నార్మండీ ప్రాంతంలోని జివెర్నీ గ్రామం ఈ ప్రశ్నను ప్రతి యాత్రికుని ముందు నిలుపుతుంది. ప్రసిద్ధ చిత్రకారుడు క్లాడ్ మోనే 1883 నుండి 1926లో మరణించేవరకు అక్కడే నివసించాడు. ఆయన చిత్రించిన అసలు చిత్రాలు నేడు ఆ ఇంట లేవు. గోడలపై కనిపించే ఆయన చిత్రాలు ప్రతిరూపాలు మాత్రమే. మరి ఏటా లక్షల మంది అక్కడికి ఎందుకు వెళుతున్నారు?

ఆ తోటయే ఆయన మరొక కళాసృష్టి కనుక వెళుతున్నారని నా సమాధానం. కావ్యాన్ని చదివినట్లుగా తోటను కూడా తీరికగా, మొదటినుండి చివరిదాకా చదువవలసి ఉంటుంది. కనుక జివెర్నీ యాత్రకు ఒక పూర్తి దినాన్ని కేటాయించాలనీ, ఆ దినాన మరే ప్రదేశాన్నీ చేర్చరాదనీ నా అభిప్రాయం.

మోనే 1840లో పారిస్‌లో జన్మించాడు. ఆయన చిత్రించిన ఒక సూర్యోదయ దృశ్యం 1874లో ప్రదర్శితమైనప్పుడు, దాని పేరునుండే ఇంప్రెషనిజం అనే మాట పుట్టింది. జివెర్నీకి వచ్చిన తొలినాళ్ళలో ఆయన అద్దె ఇంటివాడే. 1890లో ఆ ఇంటిని కొన్నాడు. 1893లో ఇంటి ముందున్న రైలుమార్గానికి ఆవల కొంత నేల కొని, ఎప్ట్ నది పాయనుండి నీటిని మళ్ళించి కొలను ఏర్పరచదలచాడు. విదేశీ మొక్కలవల్ల నీరు విషపూరితమవుతుందని గ్రామస్థులు భయపడి అభ్యంతరం చెప్పారు. ఆయన పట్టు విడువక అధికారుల అనుమతి సాధించాడు. తాను ప్రేమతో సేకరించిన జపాను ముద్రణ చిత్రాల స్ఫూర్తితో కొలనుపై వంపు తిరిగిన వంతెన కట్టించాడు. ఈనాడు ప్రకృతి సహజంగా కనిపించే ఆ దృశ్యమంతా ఇట్లు మానవ సంకల్పంతో రూపొందినదే.

కొలనులోని పూలను గురించి తెలుగు పాఠకునికి ఒక మాట చెప్పాలి. అవి తామరలు కావు, కలువలు. మన కావ్యాలలో తామర సూర్యుని చూచి, కలువ చంద్రుని చూచి వికసించడం కవిసమయం. కాని మోనే కొలనులో నాటినవి లాతూర్ మార్లియాక్ అనే ఫ్రెంచి ఉద్యానవేత్త సంకరం చేసి పెంచిన జాతులు. ఇవి పగటి వెలుగులో విచ్చుకొని, సాయంత్రం కాకముందే ముడుచుకుంటాయి. మన కవిసమయాన్ని నమ్ముకొని సాయంకాలం చేరినవానికి ముడిచిన మొగ్గలే కనిపిస్తాయి. ప్రయాణ సన్నాహంలో ఈ చిన్న విషయం కూడా లెక్కకు వస్తుంది.

ప్రయాణం కష్టమైనది కాదు. పారిస్‌లోని సాన్ లాజార్ స్టేషను నుండి రైలులో సుమారు ఒక గంట లోపున వెర్నోన్ చేరవచ్చు. అక్కడినుండి జివెర్నీ దాదాపు 5 కిలోమీటర్లు. బస్సులు, అద్దె సైకిళ్ళు ఉంటాయి; నడక అలవాటున్నవారు నడువవచ్చు. బయలుదేరే ఆ స్టేషనును కూడా పొగమంచు వంటి ఆవిరిలో మోనే 1877లో పలుమార్లు చిత్రించాడు. తోట ఏప్రిల్ నెలారంభం నుండి నవంబరు 1 వరకు మాత్రమే తెరచి ఉంటుంది. వసంతంలో తులిప్ పూలు, మే నెలలో వంతెనపై విస్టీరియా తీగలు, జూలై, ఆగస్టు మాసాలలో కలువలు, వేసవి చివర బాటపైకి ప్రాకే నాస్టర్షియం తీగలు కనువిందు చేస్తాయి. అన్నీ ఒకేసారి చూడగోరడం అత్యాశ. ఒక ఋతువును ఎంచుకొని, టిక్కెట్టు ముందుగానే తీసుకొని, తలుపులు తెరిచే వేళకే చేరడం ఉత్తమం.

వేల మైళ్ళు దాటి, ఎంతో ధనం వెచ్చించి వెళ్ళినవారు ఒకే దినంలో రెండు మూడు ప్రదేశాలు చూడగోరితే తప్పేమిటని కొందరు అడుగవచ్చు. ఉదయం జివెర్నీ, మధ్యాహ్నం వెర్సాయ్ రాజప్రాసాదం చూపే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. వారి ఆర్థిక ఇబ్బందిని నేను తేలికగా తీసుకోను. మళ్ళీ రాగలమో లేదో అన్న బెంగ కూడా న్యాయమైనదే. కాని మళ్ళీ రాలేనివాడే నిలిచి చూడాలి. రెండింటిని పరుగున చూచినవానికి ఛాయాచిత్రాలు మిగులుతాయి. అనుభవం ఏ ఒక్కదానిదీ మిగలదు.

జివెర్నీ విషయంలో ఈ మాటకు ప్రత్యేకమైన కారణం ఉన్నది. మోనే చిత్రించినది వస్తువును కాదు, వస్తువుపై మారే వెలుగును. గడ్డివాములను, రూవాన్ నగరంలోని చర్చి ముఖద్వారాన్ని ఆయన వేర్వేరు వేళలలో మరల మరల చిత్రించాడు. వెలుగు మారగానే ఒక చిత్రపటాన్ని ప్రక్కనుంచి మరొకటి చేపట్టేవాడు. కొలనును, కలువలను వస్తువుగా గ్రహించి గీసిన తైలవర్ణ చిత్రాలే సుమారు 250. అట్టి కొలనును ఒక్క గంట చూచినవాడు ఒక్క వెలుగునే చూచాడు. ఉదయం ఒకసారి, ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు ఒకసారి, నీడలు సాగినప్పుడు ఒకసారి అదే గట్టున నిలిస్తే, ఒకే కొలనును ఆయన అన్నిసార్లు ఎందుకు చిత్రించాడో ఉపన్యాసం అవసరం లేకుండానే బోధపడుతుంది.

వెళ్ళడానికి ముందుదినం పారిస్‌లోని ఒరాంజెరీ ప్రదర్శనశాలను చూడాలని నా సూచన. అక్కడి రెండు అండాకారపు గదులలో మోనే చిత్రించిన ఎనిమిది బృహచ్చిత్రాలున్నాయి. వాటి వెనుక ఉన్న జీవితం సుఖమయమైనది కాదు. 1911లో భార్య ఆలిస్, 1914లో పెద్దకుమారుడు జాన్ మరణించారు. 1912లో ఆయన కన్నులలో శుక్లాలున్నట్లు తేలింది. రంగులే బ్రతుకైనవానికి రంగులు మారిపోయి కనిపించసాగాయి. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్నా ఆయన తన తోటను వీడలేదు. 1918లో యుద్ధవిరామం కుదిరిన మరునాడే తన చిత్రాలను దేశానికి కానుకగా ఇస్తానని మిత్రుడైన క్లెమెన్సోకు వ్రాశాడు. 1923లో కంటికి శస్త్రచికిత్స జరిగింది. ఆ చిత్రాలు 1927లో ప్రజలముందుకు వచ్చేనాటికి ఆయన లేడు. ఇది తెలిసి కొలను కడకు వెళ్ళినవానికి ఆ నీటిలో అందం ఒక్కటే కాక, ఒక మనిషి ధైర్యం కూడా కనిపిస్తుంది.

తోటను చిత్రకారుడొక్కడే నిలుపలేదు. ఆయన కాలంలోనే పలువురు తోటమాలులు పనిచేశారు. ఆయన కుమారుడు మిషెల్ 1966లో మరణించినప్పుడు ఆ ఆస్తి ఫ్రెంచి లలితకళల అకాడమీకి చెందింది. అప్పటికి తోట పాడుపడి ఉన్నది. 1977 నుండి జెరాల్డ్ వాన్ డెర్ కెంప్ నాయకత్వంలో పునరుద్ధరణ సాగి, 1980లో ప్రజలకు ప్రవేశం లభించింది. చిత్రపటాన్ని ఒకసారి గోడకు తగిలిస్తే చాలు. తోటను ఏటేటా మళ్ళీ నాటాలి. కలువల గట్టున నిలిచినప్పుడు బురదలో దిగి పనిచేసే తోటమాలిని కూడా ఒకసారి చూడండి. ఆ దినపు యాత్రలో అతడు కూడా దర్శనీయుడే.