నైపుణ్యం నిజమే, లాభం ఎవరిది?

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుర్రాళ్లలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. పోకర్ జూదం కాదు, తెలివితో ఆడే ఆట. అయిదు–పది రూపాయల బ్లైండ్ల (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక వేయాల్సిన పందేల) టేబుల్లో కూర్చుని, ప్రతి ముక్కకూ సరైన నిర్ణయం తీసుకునేవాడు నెల తిరిగేసరికి లాభంలో ఉంటాడు. మారతహళ్లి పీజీల్లో, బెళ్లందూరు ఆఫీసుల్లో ఈ మాట చెప్పేవాళ్లు చదువు రానివాళ్లు కారు. ప్రాబబిలిటీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. తమ తెలివిని ప్రభుత్వం కట్టడి చేసిందని వాళ్ల బాధ. వాళ్ల మాటలో మొదటి సగం అక్షరాలా నిజం. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని రెండో సగాన్ని అమ్మారు. నా గొడవ అమ్మినవాళ్లతో.

ముందు నిజం సంగతి. పాట్‌లో (అందరి పందేలూ చేరే కుప్పలో) 100 రూపాయలున్నాయి, ఎదుటివాడు 50 వేశాడు. ఆటలో నిలవాలంటే మీరూ 50 వేయాలి. అంటే 200 పాట్ కోసం 50 పెడుతున్నారు. నాలుగుసార్లకు ఒకసారి గెలిస్తే సరికి సరి. ఫ్లాప్ (బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కలు) పడ్డాక మీకు నాలుగు ఇస్పేట్లు కుదిరాయి, అయిదోది పడితే ఫ్లష్. మీరు చూడని 47 ముక్కల్లో ఇస్పేట్లు 9. వచ్చే ముక్కకే అది పడే అవకాశం 19 శాతం, మిగిలిన రెండు ముక్కలూ చూడగలిగితే 35 శాతం. మరి వేయాలా, వదిలేయాలా? ఎదుటివాడు తర్వాతి ముక్కకు మళ్లీ పందెం పెంచే మనిషా? ఇస్పేటు పడ్డాక కూడా డబ్బు వేస్తాడా? ఇక్కడ లెక్కతోపాటు మనిషిని చదవడం కావాలి. జాన్ వాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ 1944లో గేమ్ థియరీ గ్రంథం రాసినప్పుడు పోకర్‌కూ, అందులోని బ్లఫ్‌కూ పెద్ద చోటే ఇచ్చారు. ఆరుగురు కూర్చునే ఆటలో వృత్తి ఆటగాళ్లను ఓడించే ప్రోగ్రామ్, ప్లూరిబస్, 2019లో గానీ రాలేదు. కాబట్టి పోకర్‌లో నైపుణ్యం లేదనేవాళ్లతో నాకు పేచీ ఉంది.

అయితే నైపుణ్యం ఉందనడం ఒకటి, ఆ నైపుణ్యానికి ఆ టేబుల్లో డబ్బు మిగులుతుందనడం వేరొకటి. ఈ తేడాను మొదట గుర్తించినవాళ్లలో మన సుప్రీంకోర్టు ఉంది, అదీ మన ఊరి కేసులోనే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య నడిచిన ఆ కేసును అందరూ 1968 తీర్పుగా ఉదహరిస్తారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదని జస్టిస్ హిదయతుల్లా రాశారు. ఆట కంపెనీల లాయర్లు ఎప్పుడూ ఎత్తి చూపేది ఈ భాగాన్నే. అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది: పందెం పెట్టి ఆడే ఆట నుంచి క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నాడని సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చు. ముక్కలకూ కుర్చీకీ తీసుకునే మామూలు రుసుము వేరు, ఆటలోంచి లాభం లాగడం వేరు. ఆట ఎలాంటిదని అడిగిన కోర్టే, దానిమీద ఎవరు బతుకుతున్నారని కూడా అడిగింది. రెండో ప్రశ్నను యాప్‌ల కాలంలో ఎవరూ గట్టిగా అడగలేదు.

అడిగి చూద్దాం. టేబుల్‌కు ఆరుగురు, ఒక్కొక్కరి దగ్గర 1,000 రూపాయలు, బ్లైండ్లు 5, 10. ఫ్లాప్ దాకా వచ్చిన ప్రతి పాట్‌లోంచి కంపెనీ 5 శాతం రేక్ కోసుకుంటుందనుకుందాం. హ్యాండ్లలో, అంటే ఒక్కో పంపకంతో సాగే ఆటల్లో, సగం ఫ్లాప్ చూస్తాయి, వాటి సగటు పాట్ 200. అంటే నూరు హ్యాండ్లకు 500 రూపాయలు టేబుల్ నుంచి బయటికి పోతాయి. గంటకు 75 హ్యాండ్ల చొప్పున 16 గంటలు ఆడేసరికి 6,000 రూపాయల రేక్ తేలుతుంది; ఆ ఆరుగురు తెచ్చుకున్న సొమ్ముకు సరిసమానం. ఆరుగురూ సమానమైన తెలివిగలవాళ్లయితే ఆరుగురూ ఓడిపోతారు. ఒకడు లాభపడాలంటే మిగతావాళ్లు తనకంటే కొంచెం తక్కువవాళ్లయితే చాలదు, తన వంతు రేక్ కట్టగా ఇంకా మిగిలేంత తక్కువవాళ్లు కావాలి. పెద్ద టేబుళ్లలో రేక్ ఒక గరిష్ఠ మొత్తం దగ్గర ఆగిపోతుంది కాబట్టి పాట్‌తో పోలిస్తే కోత చిన్నదవుతుంది. చిన్న టేబుల్లో పాట్ అంత దూరం వెళ్లదు. తక్కువ డబ్బు తెచ్చుకున్నవాడి మీదే, శాతంలో చూస్తే, ఎక్కువ భారం పడుతుంది.

గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. బెంగళూరు వాసి సంతోష్ సువర్ణ 2024లో లాస్ వేగాస్‌లో 2,50,000 డాలర్ల ప్రవేశ రుసుము ఉన్న టోర్నమెంటు గెలిచి 54 లక్షల డాలర్లు అందుకున్నాడు. ఆ గెలుపు గొప్పదే. పది రూపాయల బ్లైండు ముందు కూర్చున్నవాడి భవిష్యత్తు గురించి మాత్రం అది ఏమీ చెప్పదు.

"సరైన నిర్ణయాలు తీసుకుంటూ పో, చివరికి ఫలితం అదే వస్తుంది" అంటారు. ఆ చివర ఎక్కడుంది? రేక్ పోగా నూరు హ్యాండ్లకు 50 రూపాయలు మిగుల్చుకోగలిగిన మంచి ఆటగాణ్ని తీసుకోండి. గంటకు అతని సంపాదన 40 రూపాయల లోపు. నూరు హ్యాండ్లకు అటూ ఇటూ 900 రూపాయల ఊగిసలాట ఈ ఆటకు మామూలే. పదివేల హ్యాండ్లు ఆడాక అతనికి రావలసింది 5,000, ఊగిసలాట 9,000. అంటే అన్ని నిర్ణయాలూ బాగా తీసుకున్న ఈ మనిషి పదింట మూడుసార్లు నష్టంలోనే ఉంటాడు. రోజుకో గంట, ఒకే టేబుల్లో ఆడేవాడికి పదివేల హ్యాండ్లంటే నాలుగు నెలల పైమాట. ఇదే లెక్కను తిరగేసి చూస్తే నాకు భయం వేస్తుంది. నూరు హ్యాండ్లకు 50 రూపాయలు పోగొట్టుకునే ఆటగాడు కూడా, నాలుగు నెలల తర్వాత, పదింట మూడుసార్లు లాభంలో ఉంటాడు. తనకు ఆట వచ్చేసిందని నమ్ముతాడు. టేబుళ్లు పెంచుతాడు, బ్లైండ్లు పెంచుతాడు. ఆసుల జత పట్టుకుని రాజుల జత చేతిలో ఓడిన రాత్రి, ఆ పోయింది ఈ రాత్రే రాబట్టాలనుకుంటాడు. అతనికి ఎవరూ చెప్పలేదు, తన నైపుణ్యం ఎంతో తన ఖాతాను చూసి తెలుసుకోలేడని.

దీనిమీద పన్ను. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపులో 30 శాతం. ఈ ఏడాది పోగొట్టుకున్నది వచ్చే ఏడాది గెలుపులోంచి తీసేయడానికి వీల్లేదు. 2023 అక్టోబరు నుంచి యాప్‌లో వేసిన డబ్బంతటిపైనా 28 శాతం జీఎస్టీ పడింది. కంపెనీలు దాన్ని బోనస్‌లుగా తామే భరించామన్నాయి. ఆ డబ్బు వాటికి ఎక్కడి నుంచి వచ్చిందో పైన చూశాం.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఈ ఆటలను ఆపేశాయి. అందుకే బెంగళూరు మనవాళ్లకు ఆట స్థలమైంది. పండక్కి ఊరికి బయల్దేరినవాడి ఫోన్‌లో బాగేపల్లి దాటి ఆంధ్ర వైపు కొడికొండ చెక్‌పోస్టు చేరాక డబ్బు టేబుళ్లు తెరుచుకునేవి కావు. కర్ణాటక కూడా 2021 అక్టోబరులో చట్టం సవరించి నిషేధించింది గానీ, 2022 ఫిబ్రవరి 14న హైకోర్టు ఆ సవరణలను కొట్టేసింది. వ్యక్తి స్వేచ్ఛ గురించి అక్కడ చేసిన వాదన బలమైనదే, నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. ఎదిగిన మనిషి తన డబ్బుతో తాను ఆడుకోవచ్చు. అయితే ధర దాచి అమ్మిన సరుకును కొనడం స్వేచ్ఛ ఎలా అవుతుంది?

2025 చట్టం నైపుణ్యం, అదృష్టం అనే గీతనే చెరిపేసింది. ఏ23 యాప్ నడిపే హెడ్ డిజిటల్ వర్క్స్ కర్ణాటక హైకోర్టుకెళ్లింది, సెప్టెంబరులో అలాంటి కేసులన్నీ సుప్రీంకోర్టుకు చేరాయి. అక్కడ మళ్లీ నైపుణ్యం గురించే గంటల తరబడి వాదిస్తారని నా అనుమానం. దానికి బదులు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చేసిన పని చూడాలి. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో కూడా వ్యూహం, క్రమశిక్షణ, నిర్ణయం అనే మాటలే వినబడేవి. సెబీ ఖాతాలు తీయించి లెక్కపెట్టింది. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, పోయింది 1.8 లక్షల కోట్ల పైనేనని 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ తర్వాత ఎవరూ నైపుణ్యం పేరుతో నోరు మూయించలేకపోయారు.

పోకర్ కంపెనీల సర్వర్లలో ప్రతి హ్యాండూ, ప్రతి పందెమూ, కోసుకున్న ప్రతి రూపాయీ నమోదై ఉంటాయి. పది రూపాయల బ్లైండు, అంతకంటే చిన్న టేబుళ్లలో పదివేల హ్యాండ్లు దాటిన ఆటగాళ్లు ఎంతమంది? రేక్, పన్ను పోగా లాభంలో మిగిలింది వాళ్లలో ఎందరు? ఆ టేబుళ్ల నుంచి కంపెనీ ఖాతాలోకి వెళ్లింది ఎంత? ఈ మూడు అంకెలు ముందు కోర్టు బల్ల మీద పెట్టించాలి. రేపు ఏ రూపంలోనైనా ఈ ఆటను తిరిగి అనుమతిస్తే, పాట్‌లో కోత తీసేసి గంటకింత అని కుర్చీ రుసుము పెట్టాలి. యాప్ తెరవగానే మొదటి పేజీలో, ఆడటం మొదలుపెట్టిన రోజు నుంచి ఆ మనిషి ఎంత తెచ్చాడు, ఎంత పోగొట్టుకున్నాడు, అందులో రేక్ ఎంత అనేవి రూపాయల్లో కనబడాలి.