దగ్గు తగ్గింది, మాత్రలు మానవచ్చునా?

క్షయకు మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే సాధారణంగా దగ్గు తగ్గుతుంది, జ్వరం విడుస్తుంది, ఆకలి పుడుతుంది. అప్పుడు ఇంట్లో పుట్టే ప్రశ్న ఒకటే: "మనిషి బాగానే ఉన్నాడు గదా, ఇంకా ఈ మాత్రలెందుకు?" మన పావగడ తాలూకాలో ఈ ప్రశ్నకు బలం ఎక్కువ. వానలు లేని ఏడు కూలి వెతుక్కుంటూ బెంగుళూరుకో హిందూపురానికో పోక తప్పదు. పోయేటప్పుడు మూటలో బట్టలుంటాయి, మాత్రలుండవు. అందువల్ల ఆరు నెలల లెక్క ఎందుకో ఈ నెల విచారించుకొందాము. మేము వైద్యులము కాము. పెద్దలు పరిశోధించి తేల్చినది ఇంటి మాటల్లో మనవి చేయడమే మా పని.

క్షయ క్రిమిని కనిపెట్టిన సంగతి రాబర్ట్ కోఖ్ 1882 మార్చి 24వ తేదీన బెర్లిన్‌లో వెల్లడించాడు. అది మనలాగే ప్రాణవాయువుతో బ్రతికే జీవి. ఊపిరితిత్తుల్లో గాలికి కొదవలేదు గనుక అక్కడ కాపురం పెడుతుంది. శరీరం ఊరుకోదు. రక్షక కణాలు క్రిమి చుట్టూ గుమిగూడి గోడ కడతాయి. ఆ గోడ లోపల ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. న్యాయంగా క్రిమి ఊపిరాడక చావాలి. కాని చావదు. ఎందువల్ల?

దీపావళి టపాకాయను చూడండి. కాగితం బిగించి చుట్టి ఉంటుంది, లోపలికి గాలి చొరదు. అయినా లోపలి నల్లమందు మండి పేలుతుంది. అందుకు కారణం ఆ మందులో కలిపిన సురేకారం. సురేకారమంటే ఒక నైట్రేటు లవణమే. నైట్రేటులో నత్రజనితోపాటు ప్రాణవాయువు కూడా కట్టుబడి ఉంటుంది. గాలి లేనిచోట మంటకు అదే ఆధారం. క్షయ క్రిమి చేసేది ఇంచుమించు ఇదే పని. కాకపోతే మంట లేకుండా, బహు నిదానంగా చేస్తుంది.

ఆహారం నుండి శక్తి తీసుకొనేటప్పుడు ఎలక్ట్రానులు వెలువడుతాయి. వాటిని చివరకు ఎవరైనా పుచ్చుకోవాలి. మామూలుగా ఆ పని ప్రాణవాయువుది. అది కరువైనప్పుడు క్రిమి పైపొరలో ఉండే నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎన్‌జైము ముందుకు వస్తుంది. మాలిబ్డినం అనే లోహం ఉన్న ఈ ఎన్‌జైము ఆ ఎలక్ట్రానులను నైట్రేటుకు అప్పగిస్తుంది. నైట్రేటు ఒక ప్రాణవాయు పరమాణువును పోగొట్టుకొని నైట్రైటు అవుతుంది. దీనినే నైట్రేటు శ్వాస అంటారు. గాలి తగ్గేకొద్దీ నైట్రేటును లోపలికి తెచ్చుకొనే ద్వారాలను కూడా క్రిమి పెంచుకొంటుంది.

ఇంతకూ ఆ నైట్రేటు ఎక్కడిది? క్రిమిని చంపడానికి మన రక్షక కణాలు నైట్రిక్ ఆక్సైడు అనే వాయువును ప్రయోగిస్తాయి. అది క్రమంగా నైట్రేటుగా మారిపోతుంది. మనం రువ్విన రాళ్లు ఏరుకొని దొంగ గోడ కట్టుకొన్నట్టుంది! ఇది క్షయకే పరిమితం కాదు. పేగు వాచినప్పుడు అక్కడ పుట్టే నైట్రేటుతో ఈ. కోలై క్రిములు ఇతర క్రిములను మించి పెరుగుతాయని 2013లో ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో తేలింది.

ఆకుకూరల్లోనూ నైట్రేటు ఉంటుంది గదా, రోగికి పెట్టవచ్చునా అని ఎవరికైనా సందేహం రావచ్చు. నిక్షేపంగా పెట్టండి. రోగికి కావలసింది పుష్టి. పత్యం పేరుతో కడుపు మాడ్చరాదు.

ఇక అసలు సంగతి. ఇలా బ్రతికే క్రిమి పెరగదు, నిద్రపోతుంది. ఈ నిద్రకు నైట్రేటు శ్వాస ఒక్కటే కారణం కాదు గాని, నిద్రలో ప్రాణం నిలుపుకోవడానికి అదొక ఆసరా. ఐసోనియజిడ్ వంటి మందు పెరుగుతున్న క్రిములనే బాగా చంపుతుంది, నిద్రపోయేవి తప్పించుకొంటాయి. వాటికోసమే రిఫాంపిసిన్ వంటి మందులను కలిపి, మామూలు క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు ఇస్తారు. దగ్గు తగ్గిందంటే మేలుకొన్న క్రిములు చాలావరకు చచ్చాయని అర్థం. నిద్రపోయేవి అలాగే ఉన్నాయి. నడుమ మానితే అవి లేస్తాయి. కొన్ని మందుకు లొంగనివిగా కూడా తయారవుతాయి.

ఒకప్పుడు క్షయ రోగులు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియాల్లో నెలల తరబడి ఉండేవారు. 1956లో మద్రాసులో ఆరంభమైన పరిశోధన, ఇంట్లో ఉండి మందు తిన్నా అంతే గుణం కనిపిస్తుందని 1959లో చూపించింది. ఆ విధంగా మందు ఇంటికి వచ్చింది. మందు తినిపించే బాధ్యత కూడా ఇంటివారిదే అయింది.

ఈ మందులు సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. పోషణకని నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1000 చేశారు. పావగడలోనే స్వామి జపానందజీ ఆధ్వర్యాన శ్రీ రామకృష్ణ సేవాశ్రమం కుష్ఠు, క్షయ రోగులకు ఏండ్ల తరబడి సేవ చేస్తున్నది. ఊరు విడిచి పోవలసివస్తే ముందుగా ఆసుపత్రిలో చెప్పండి. పేరు పోయే ఊరికి మారుస్తారు, మాత్రలు అక్కడే అందుతాయి. ఎల్లలకు అటూ ఇటూ బంధువులున్న మన కుటుంబాలకు ఈ ఏర్పాటు తెలిసి ఉండడం చాలా అవసరం. ఇంట్లో రోగి ఉంటే కేలెండరు మీద రోజూ ఒక గీత గీయండి. ఆఖరి గీత ఎప్పుడన్నది డాక్టరు చెప్పాలి గాని, దగ్గు చెప్పరాదు.