పసరు మందు కావాలంటే

మన హాస్టళ్ళలో ఎవరికైనా కామెర్లు సోకితే డాక్టరు కంటే ముందు వినపడే మాట "ఇంటికెళ్ళి పసరు తాగిరా" అని. నేల ఉసిరి నూరి, మజ్జిగలో కలిపి, పరగడుపున మూడు రోజులు. ఆ మాట చెప్పేవాళ్ళను వెక్కిరించడానికి ఈ వ్యాసం రాయడం లేదు. డిగ్రీ పట్టా మా ఇళ్ళలోకి మాతోనే వచ్చింది. అంతకు ముందు తరాల వైద్యం చాలావరకు చేలగట్ల మీది ఆకులతోనే జరిగింది. కానీ సైన్సు చదివిన మనం కూడా ఆ ఆకును పొగిడో, తిట్టో ఊరుకుంటే ఎలా? పసరును మందుగా మార్చే పని ఎవరిది?

కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. హెపటైటిస్-బి అలాంటిది కాదు. అందుకే ముందు రక్తపరీక్ష, తరువాతే ఏదైనా. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరి పొడి వాడిన హెపటైటిస్-బి వాహకుల్లో 59 శాతం మంది రక్తంలో వైరస్ ఆనవాలు పోయిందని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. తరువాత ఇతర దేశాల్లో జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. ఆకు మందుల్లో మొదటి చిక్కు ఇక్కడే. ఒకే పేరుతో పిలిచే మొక్కలు రెండు మూడు ఉంటాయి. ఏ నేలలో పెరిగింది, ఏ కార్తెలో కోశారు అన్నదాన్ని బట్టి ఆకులోని సారం మారిపోతుంది. గుప్పెడు ఆకు అనేది కొలత కాదు.

రెండో చిక్కు, సారాన్ని ఒంట్లో చేరవలసిన చోటికి చేర్చడం. దీనికి బిళ్ళగన్నేరును మించిన ఉదాహరణ లేదు. కడియం నర్సరీల్లో రంగుల కోసం పెంచుతారు, మన ప్రహరీ పక్కన ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూస్తుంది. జమైకాలో దీని ఆకు కషాయం చక్కెర వ్యాధికి తాగేవారు. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలపై పరీక్షిస్తే చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు తగ్గాయి! ఆ దారిలోనే క్యాన్సర్ మందులు విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. క్వింటాళ్ళ ఎండుటాకు నుంచి దొరికేది కొద్ది గ్రాములే.

భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన బృందం చేతిలో మెథోట్రెక్సేట్ తయారైంది. పిల్లల రక్త క్యాన్సర్ వార్డులో ఆయన మందూ, మన గోడ పక్క పువ్వు మందూ కలుసుకుంటాయి. మెదడు, వెన్ను చుట్టూ ఉన్న ద్రవంలో దాక్కున్న క్యాన్సర్ కణాల కోసం మెథోట్రెక్సేట్‌ను వెన్నులోకి ఎక్కిస్తారు. విన్‌క్రిస్టిన్‌ను మాత్రం నరంలోకే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి వెళ్తే దాదాపుగా ప్రాణం పోతుంది. అందుకే దాన్ని సిరంజిలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. మందు ఎంత గొప్పదైనా దారి తప్పితే విషమే.

పసుపు సంగతి చూడండి. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో ప్రకటించిన ప్రయోగంలో, రెండు గ్రాముల కర్‌క్యుమిన్ మింగినవారి రక్తంలో అది దాదాపు కనబడలేదు. మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు చేర్చితే సుమారు 20 రెట్లు చేరింది. (మిరియాల చారు కాచే మన అమ్మమ్మలకు ఈ అంకె చెబితే నవ్వుతారేమో!) అలాగని సంబరపడి పైపరిన్ గుళికలు మింగకూడదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మాత్రలను కూడా అది రక్తంలో పెంచుతుంది.

ఇక మన పీజీ ప్రాజెక్టులు. ఆకు ఎండబెట్టడం, మిథనాల్‌లో నానబెట్టడం, పళ్ళెంలో బాక్టీరియా చుట్టూ ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ వలయం వచ్చిందో కొలవడం, బైండింగ్ చేయించడం. చాలావాటి కథ ఇంతే. గాజు పళ్ళానికి కడుపు లేదు, కాలేయం లేదు. ఆ సారం నీటిలో ఎంత కరుగుతుంది? కడుపులోని ఆమ్లంలో ఎన్ని గంటలు నిలుస్తుంది? వీటికి కోట్ల పరికరాలేమీ అక్కర్లేదు. 37 డిగ్రీల ఆమ్లపు నీళ్ళు, ఒక బీకరు, కాలేజీలో ఉండే స్పెక్ట్రోఫోటోమీటరు చాలు. మొదటి మెట్టు ఎక్కవచ్చు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవులకు ఊరెళ్ళినప్పుడు పసరు ఇచ్చే పెద్దవాళ్ళతో మాట్లాడండి. మొక్క పేరు, కోసిన చోటు, నెల, వాడే పాలు రాసుకోండి. వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు కూడా రాయండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం, ఇలాంటి జ్ఞానంతో వచ్చే లాభంలో అది చెప్పినవారికి వాటా ఉండాలంటుంది. నోటుబుక్కులో పేరే లేకపోతే వాటా ఎవరికి అడుగుతాం? మందుల కంపెనీల్లో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులు ఒక్క ఆదివారం హాస్టల్‌కు వచ్చి, ఒక మాత్ర నీటిలో కరిగే వేగాన్ని ఎలా కొలుస్తారో చేసి చూపిస్తే చాలు. బీకర్లు మేము తెస్తాం.